ఇద్దరిదీ తెలుగే, తగవు మాత్రం నీళ్లది

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒక్క రాత్రి 130 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. తెల్లారేసరికి బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు చెరువైంది. బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు పక్కన కోట్లు పోసి కొన్న విల్లాల్లో సోఫాలు తేలాయి, బేస్‌మెంట్లలో కార్లు మునిగాయి. ఆ వారమంతా దేశంలోని ఫోన్లన్నిట్లో తిరిగిన దృశ్యం ఒకటే: ల్యాప్‌టాప్ సంచి గుండెకు హత్తుకుని, ట్రాక్టరు ట్రాలీలో నిలబడి ఆఫీసుకు పోతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. జనం నవ్వుకున్నారు, మీమ్‌లు చేసుకున్నారు. ట్రాక్టరు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. పదిహేనంతస్తుల భవనాల మధ్యకు అన్ని ట్రాక్టర్లు అంత తొందరగా ఎక్కణ్నుంచి వచ్చాయి?

వెనక సందులోంచి వచ్చాయి. ఆ సందు పేరు మ్యాపులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఒక ఊరు. అక్కడ ఇప్పటికీ రచ్చకట్ట ఉంది, ఊరిదేవత గుడి ఉంది, నాలుగు బర్రెలున్నాయి, ఆ పక్కనే ఊరి మనిషే కట్టిన అయిదంతస్తుల పీజీ ఉంది. పాతకాలం ఊళ్లు చాలావరకు చెరువుకు ఎడంగా, మెరక మీద కట్టుకున్నవి. విల్లాలు లేచింది పల్లంలో, ఒక చెరువు నిండితే ఆ నీళ్లు కింది చెరువుకు పారే రాజకాలువల దారిలో. "అక్కడ నీళ్లు నిలుస్తాయని మాకు తెలుసు" అని ఊరివాళ్లు అనటం నిజమే. ఆ పొలాన్ని మొదట అమ్మింది ఊరివాళ్లేననీ, మధ్యలో బ్రోకరు, బిల్డరు, ప్లానుకు ముద్ర వేసిన ఆఫీసు ఉన్నాయనీ అవతలివాళ్లు అనటమూ నిజమే.

బెంగళూరులో కొత్తగా వచ్చినవాళ్లకూ ముందునుంచీ ఉన్నవాళ్లకూ మధ్య రేగే చిటపటల్ని మామూలుగా భాష గొడవగా చెప్పుకుంటారు. ఆ గొడవ లేదని కాదు. 2023 డిసెంబరులో దుకాణాల బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలంటూ జరిగిన ఆందోళనలో బోర్డులు విరిగాయి. 2024 జులైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు కోటా ఇచ్చే బిల్లుకు మంత్రివర్గం ఒప్పుకుంది, పరిశ్రమల నుంచి గగ్గోలు లేవగానే పక్కన పెట్టేసింది. అయితే నగరం తూర్పు దిక్కున, వర్తూరు, గుంజూరు, పణతూరు, మారతహళ్లి వైపు వెళ్తే ఈ లెక్క తప్పుతుంది. అక్కడ రెండు పక్కలా వినిపించేది తెలుగే.

ఈ ఊళ్లలో తరాలుగా ఉంటున్న రెడ్ల కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. కోలారు, హొసకోటె, ఆనేకల్ మీదుగా హోసూరు దాకా పరుచుకున్న తెలుగు ఇది. బడి కన్నడం, పొలం రికార్డు పహణీ కన్నడం, పంచాయతీ కన్నడం, పొయ్యి దగ్గర తెలుగు. తమను ఎవరైనా ఆంధ్రావాళ్లంటే వాళ్లకు ఒళ్లు మండుతుంది. అది న్యాయమే, వాళ్లకు ఆంధ్రాతో ఉన్న చుట్టరికం ఏదైనా ఉంటే అది తిరుపతి కొండతోనే. 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు నగర జిల్లాలో తెలుగు మాతృభాషగా రాయించినవాళ్లు నూటికి సుమారు 14 మంది. వాళ్లలో మొన్న క్యాంపస్ ఇంటర్వ్యూలో నెగ్గి వచ్చినవాళ్లెవరో, ముత్తాతల నాటినుంచి ఇక్కడ రాగి పండించినవాళ్లెవరో ఆ అంకె చెప్పదు.

గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన కుర్రాడు టూలెట్ బోర్డు చూసి మేడ ఎక్కుతాడు. ఓనరమ్మ లోపలికి తిరిగి "బీగంచెవులు యాడ పెట్టినావు" అని కేకేస్తుంది. "ఆంటీ, మీకు తెలుగు వచ్చా?" అని అతను సంబరపడిపోతాడు. "వచ్చేదేంది నాయనా, మాది అదే కదా" అంటుందావిడ, కొంచెం నొచ్చుకుని. ఆ సంబరం అడ్వాన్సు దగ్గర ఆగుతుంది. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు ఇక్కడ ఆనవాయితీ, ఇప్పుడు చాలాచోట్ల అయిదారు నెలలకు దిగింది. తెలుగు కలిసినందుకు అందులో ఒక్క నెల కూడా తగ్గదు, ఖాళీ చేసే రోజున పెయింటింగుకని కోసే డబ్బు అంతకన్నా తగ్గదు. బేరం తెలుగులో, అగ్రిమెంటు ఇంగ్లీషులో, ఇంటి ఆస్తి ఖాతా కన్నడంలో. తర్వాత మనసులు విరిగితే మళ్లీ తెలుగులోనే.

ఒక మాట గమనించాలి. కొత్తవాళ్ల నోట ఊరివాళ్లు "లోకల్స్". "లోకల్స్‌తో పెట్టుకోవద్దు" అన్నది నగరానికి వచ్చిన మొదటి వారంలోనే ప్రతి కొత్త ఉద్యోగికి అందే సలహా. పార్కింగు దగ్గర మాటామాటా పెరిగినా, ఆటో బేరం తెగకపోయినా ఇదే. ఊరివాళ్ల నోట కొత్తవాళ్లు "అపార్ట్‌మెంటోళ్లు". రెండు మాటల్లోనూ అవతలి మనిషికి పేరు లేదు. భాష కలిసినా ఈ మాటలు పోలేదంటే తగవు వేరు ఇంకెక్కడో ఉందన్నమాట.

2001లో బెంగళూరు నగర జిల్లా జనాభా 65 లక్షలు, 2011 నాటికి 96 లక్షలు. ఆ పదేళ్ల మధ్యలో, 2007లో, పాత మహానగర పాలికెకు ఏడు నగరసభలనూ, కెంగేరి పురసభనూ, 110 ఊళ్లనూ కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె చేశారు. 226 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 700 దాటింది. కృష్ణరాజపురం, మహదేవపుర, బొమ్మనహళ్లి లాంటివి అప్పటిదాకా సొంత సభలున్న చిన్న పట్టణాలు. కలపగానే ఊళ్లకు పోయినదేమిటంటే పంచాయతీ. చేతికందే దూరంలో ఉన్న మెంబరు, తిట్టటానికి దొరికే సెక్రటరీ, గ్రామసభ పోయాయి. వాటి బదులు రావలసిన నగర సౌకర్యాలు నింపాదిగా వచ్చాయి. నింపాదిగా అంటే ఎంత? ఆ 110 ఊళ్ల కోసమని తలపెట్టిన కావేరి అయిదో దశ నీటి పథకం, రోజుకు 77.5 కోట్ల లీటర్లది, ప్రారంభమైంది 2024 అక్టోబరులో. నగరంలో కలిసిన పదిహేడేళ్లకు.

ఆ పదిహేడేళ్లూ తూర్పు బెంగళూరు తాగింది చాలావరకు భూమిలోపలి నీళ్లే. అసలు తగవు అక్కడ ఉంది.

వేసవిలో తెల్లవారుజామున అయిదున్నరకు ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడినా ఒకటే తంతు. ట్యాంకరు రివర్సులో కుయ్‌కుయ్‌మంటూ లోపలికి వస్తుంది. సెక్యూరిటీ మనిషి పుస్తకంలో బండి నంబరు, టైము, లీటర్లు రాసుకుంటాడు. క్లీనరు కుర్రాడు సంపు మూత లేపి పైపు దింపుతాడు. అసోసియేషన్ తరఫున నైట్‌ప్యాంటులో దిగివచ్చిన ఒక పెద్దమనిషి గ్లాసులో నీళ్లు పట్టి, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచుతాడు. అంకె వెయ్యి దాటితే వెంటనే ఫోను: "ఏంటి బ్రదర్, ఈసారి వేరే బోరా?" అవతలినుంచి జవాబు: "యా బోరులో ఉంటే ఆ బోరుది సార్. మా ఇంటికే మూడు దినాల్నుంచి నీల్లు లేవు."

ఆ బోరు ఉన్న పొలంలో ఒకప్పుడు రాగి, కొత్తిమీర, ములగ పండేవి. ఇప్పుడు అక్కడ పండేది నీళ్లు. పగలూ రాత్రీ మోటారు ఆడుతుంది, గట్టు మీద ట్యాంకర్లు వరసకడతాయి. పక్క పొలం బోరు ఎండుతుంది, ఊరి సిమెంటు తొట్టికి వచ్చే నీళ్లు మూడు రోజులకొకసారి అవుతాయి. ఊళ్లో ఆడవాళ్లు తిట్టేది అపార్ట్‌మెంటును. తిట్టదగినవాళ్ల జాబితాలో ట్యాంకరు ఓనరు కూడా ఉంటాడు, కానీ అతను వరసకు బావో మేనమామో అవుతాడు, జాతరకు పదివేలు చందా రాస్తాడు. అతన్ని పైకి ఏమీ అనలేరు. నగరంలో కొత్త-పాత తగవుగా కనబడేదానిలో సగం ఊళ్లోని బోరున్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తగవు.

ఇక్కడ ఒక అపోహ వదిలించుకోవాలి. ఊరివాళ్లంతా భూములమ్మి కోటీశ్వరులయ్యారన్నది అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో వినబడే కథ. అమ్ముకోవటానికి రోడ్డు పక్కన భూమి ఉన్నవాళ్లకు అది నిజం. కౌలు చేసుకున్నవాళ్లకు, ఊరి చివర కాలనీలో ఉన్న దళితులకు, గోమాళంలో బర్రెలు మేపుకున్నవాళ్లకు భూమి ధర పెరగటం వల్ల ఒరిగింది ఇంటి అద్దె పెరగటమే. వాళ్లింటి ఆడవాళ్లు అదే అపార్ట్‌మెంటులో మూడిళ్ల పని చేస్తారు. గేటు దగ్గర ఫోనులో ఓటీపీ చూపించి లోపలికి వెళ్తారు. అవ్వకు గుర్తున్న చింతతోపులోకి మనవరాలు ఓటీపీతో వెళ్తుంది. ఇది కోపం తెప్పించే సంగతే, దానికి కన్నడం తెలుగు అన్న తేడా లేదు.

2024 మార్చిలో ఇదంతా ఒక్కసారిగా బయటపడింది. ముందు ఏడాది వానలు మొహం చాటేశాయి, రాష్ట్రంలో 236 తాలూకాల్లో 223 కరవు తాలూకాలయ్యాయి. నగరంలో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం వరకు ఎండాయని ప్రభుత్వమే చెప్పింది. ట్యాంకరు ధర వారం వారం ఎగబాకింది. చివరికి జిల్లా యంత్రాంగం రేట్లు కట్టింది: 5 కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000. రేటు కాగితం మీద దిగింది, కొన్నాళ్లు ట్యాంకర్లు కూడా కనబడకుండా పోయాయి. ఏడాదిన్నర కిందట వరద నీళ్లలోంచి ఉద్యోగుల్ని బయటికి లాగిన ట్రాక్టర్లకే ఈసారి వెనక నీళ్ల తొట్టి తగిలింది. పల్లంలో ఇళ్లు కట్టినందుకు వానాకాలంలో నీళ్లు ఎక్కువ, కాలువలు మూసి నేలకు నీళ్లు ఇంకకుండా చేసినందుకు ఎండాకాలంలో నీళ్లు తక్కువ. ఒకే తప్పుకు రెండు శిక్షలు, ఇద్దరికీ.

చెరువుల దగ్గర ఇదే కథ ఇంకో రకంగా నడుస్తుంది. బెళ్లందూరు చెరువు సుమారు 900 ఎకరాలు. నగరం మురుగు దాన్లోకి దిగి, అక్కణ్నుంచి వర్తూరు చెరువుకు, అక్కణ్నుంచి దక్షిణ పినాకినికి పోతుంది. 2015లో వర్తూరు దగ్గర నురుగు రోడ్డెక్కింది, 2017 ఫిబ్రవరిలోనూ 2018 జనవరిలోనూ బెళ్లందూరు చెరువు తగలబడింది. నీళ్లు తగలబడటం ప్రపంచానికి వింత వార్త. ఆ చెరువు కింద వరి పండించిన ముసలివాళ్లకు అది వింత కాదు, చావు కబురు.

తర్వాత చెరువుల బాగుచేత మొదలైంది. దీనికి కొత్తవాళ్లు చాలా కష్టపడ్డారు, కాదనటానికి లేదు. సర్జాపుర రోడ్డు మీది కైకొండ్రహళ్లి చెరువు బాగుపడిందంటే చుట్టుపక్కల నివాసులు వెంటబడటం వల్లే. కానీ బాగుపడ్డ చెరువు చాలాచోట్ల వేరే చెరువవుతుంది. చుట్టూ కంచె, గేటు, తెరిచే వేళలు, నడక దారి, "పశువులకు ప్రవేశం లేదు" బోర్డు. ఊరికి చెరువంటే బట్టలుతికే రాయి, బర్రెల్ని కడిగే రేవు, చేపల వేలంపాట, గట్టు మీది గడ్డి, వినాయకుణ్ని కలిపే చోటు. కొత్తవాళ్లకు చెరువంటే గాలి, పక్షులు, ఆరువేల అడుగులు. రెండూ న్యాయమైన కోరికలే, కానీ బోర్డు రాసేటప్పుడు ఎవరు పక్కన ఉంటారో వాళ్ల చెరువే మిగులుతుంది. బోర్డు రాసే మీటింగు శనివారం ఉదయం జూమ్‌లో జరుగుతుంది.

పాతకాలంలో చెరువు నీళ్లలో ఎవరి వంతు ఎంతో తేల్చటానికి ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి, ఇక్కడి కన్నడంలోనూ నీరుగంటే. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎంతసేపు, కరవొస్తే ఎవరి మడి ఎండబెట్టాలి అన్నది అతని చేతిలో ఉండేది. ఆయకట్టు రైతులు పంటలో అతని వాటాగా మేర కొలిచేవారు. ఎక్కువగా అట్టడుగు కులం మనిషి, పటేలు పొలానికీ నీళ్లు ఆపగల అధికారం మాత్రం ఉన్నవాడు, కనీసం మాటవరసకు. ఆ కాలాన్ని తలుచుకుని మురిసిపోనక్కర్లేదు, చెరువులో కులానికో రేవు ఉన్న కాలమే అది. అయితే నీళ్లకు ఒక లెక్క, ఆ లెక్కకు ఒక మనిషి ఉండేవాడు.

మురుగు వర్తూరుతో ఆగదు. 2018 జూన్‌లో మొదలైన కేసీ వ్యాలీ పథకం బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని కోలారు చెరువులకు పంపుతోంది. మొదటి దశలో 126 చెరువులు నింపాలని లెక్క. ఆ మరుసటి నెల జులైలోనే లక్ష్మీసాగర చెరువులో నురుగు లేచింది, కేసు కోర్టుకెక్కింది, మళ్లీ నీళ్లు కదిలాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటిన కోలారు రైతు ఆ నీళ్లు వద్దనలేడు, నిశ్చింతగా తీసుకోనూలేడు. అతనిదీ చాలాచోట్ల తెలుగే.

చెత్త సంగతి పొడుగ్గా చెప్పక్కర్లేదు. నగరం చెత్తను ఏళ్లతరబడి మోసిన మండూరు ఊరివాళ్లు లారీలకు అడ్డం పడుకున్నాకే, 2014 చివర్లో అక్కడ పోయటం ఆగింది. ఆ తర్వాత చెత్త ఆగలేదు, ఊరు మారింది.

జాతరలకు వద్దాం. ఆనేకల్ తాలూకా హుస్కూరు మద్దూరమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్లు నూరడుగులు దాటిన తేర్లు కట్టి తెస్తాయి. ఒక్కో ఊరిదీ ఒక్కో తేరు, ఎవరిది ఎత్తు అన్న పంతం ఉంటుంది. అవి పొలాల్లో నడిచినంతకాలం పంతానికి ఆకాశమే హద్దు. ఇప్పుడు దారిలో కరెంటు తీగలు, మలుపులు, తవ్వి వదిలేసిన రోడ్లు. 2024 ఏప్రిల్‌లో ఒక తేరు ఒరిగి పడింది. 2025 మార్చిలో మళ్లీ పడి ప్రాణం పోయింది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో అప్పుడు నడిచే మాట "ఇంత ఎత్తెందుకు?" ఊళ్లలో నడిచే మాట "ఈ తీగలూ ఈ రోడ్డూ మేము అడిగామా?" రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాల్సినవాళ్లు మూడోవాళ్లు. మైకుల తగవూ ఇంతే. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి, ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగలకు అర్ధరాత్రిదాకా సడలించే వీలూ వాటిలోనే ఉంది. ఆ 15 రోజులేవో ముందే కూర్చుని తేల్చుకుంటే సగం ఫోన్లు తగ్గుతాయి. కూర్చోవటానికి చోటేదీ?

విషయం ఇక్కడికే వస్తుంది. ఊరివాళ్లకు కష్టమొస్తే ఒక దారి ఉంది: పార్టీ కార్యకర్త, మాజీ కార్పొరేటరు, ఎమ్మెల్యే ఆఫీసు. అపార్ట్‌మెంటువాళ్లకు ఇంకో దారి: అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు, అధికారుల్ని ట్యాగు చేస్తూ ఒక పోస్టు, కదలకపోతే హైకోర్టులో వ్యాజ్యం. వీళ్లకు నోరుంది, ఓటు చాలావరకు సొంతూళ్లోనే ఉండిపోయింది. వాళ్లకు ఓటుంది, ఆ ఓటు అడిగే మనిషి 2020 తర్వాత అయిదేళ్లపాటు లేడు. మహానగర పాలికె కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఎన్నికలు జరపకుండా అధికారులతో నడిపించి, 2025 సెప్టెంబరులో పాలికెనే అయిదు కార్పొరేషన్లుగా చీల్చారు. కృష్ణరాజపురం, మహదేవపుర కలిసి తూర్పు కార్పొరేషన్ అయ్యాయి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుని తిట్టుకోగల చోటు వార్డు ఒక్కటే, ఆ గదికే తాళం పడింది. గది లేనప్పుడు తగవు రోడ్డు మీదికి వస్తుంది. రోడ్డు మీద తగవుకు నీళ్లూ మురుగూ పనికిరావు, అవి చెప్పటానికి పావుగంట పడుతుంది. భాష అయితే ఒక్క వాక్యంలో అయిపోతుంది, వీడియోకు సరిపోతుంది.

కార్పొరేషన్ గీత దాటి సర్జాపుర దాకా వెళ్తే పంచాయతీలు ఇంకా ఉన్నాయి, అక్కడ చిక్కు తిరగబడి ఉంటుంది. పంచాయతీ పన్నులో పెద్ద వాటా అపార్ట్‌మెంట్లది, పంచాయతీలో ఓట్లు ఊరివి. పన్ను కట్టేవాళ్లు రోడ్డు అడుగుతారు, ఓటేసేవాళ్లు ఊళ్లో కాలువ అడుగుతారు, మెంబరు దేనికి ఊ కొడతాడో చెప్పనక్కర్లేదు. ఇక్కడ అపార్ట్‌మెంటువాళ్ల గోల సబబే. ఓటు మార్చుకోవటానికి పట్టే కాగితం ఒక్కటేనన్న ఊరివాళ్ల ఎత్తిపొడుపూ సబబే.

పేర్ల దగ్గర మాత్రం ఒక రాజీ కుదిరింది. 2023లో వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో వచ్చినప్పుడు స్టేషన్లకు ఊళ్ల పేర్లు పెట్టారు: సీతారామపాళ్య, నల్లూరుహళ్లి, పట్టందూరు అగ్రహార. చివరిదాన్ని అంతకుముందు పాతికేళ్లుగా అందరూ అక్కడి టెక్ పార్కు పేరుతో ఐటీపీఎల్ అనేవాళ్లు. ఇప్పుడు ఉద్యోగానికి వచ్చే అమ్మాయి రైల్లో రోజుకు రెండుసార్లు ఆ అగ్రహారం పేరు వింటుంది. ఊరివాళ్లేమో ఆటో ఎక్కి "ఐటీపీఎల్" అనే చెబుతారు.

కావేరి పైపులు వేసిన వీధుల్లో ఇప్పుడు నీళ్లు వంతులవారీగా వదులుతున్నారు. వంతు తెచ్చేది వాల్వ్‌మ్యాన్. పాత బైకు మీద వాల్వు తిప్పే ఇనప తాళంచెవి పెట్టుకుని వస్తాడు, రోడ్డు మధ్య మూత లేపి తిప్పుతాడు. ఎటు తిప్పితే ఊరికి, ఎటు తిప్పితే లేఅవుటుకు అన్నది అతని చేతికి అలవాటు. అతని నంబరు ఊళ్లో గుడి కమిటీ దగ్గరా ఉంది, అసోసియేషన్ సెక్రటరీ దగ్గరా ఉంది. పొద్దున ఆరుకు ముందే రెండు ఫోన్లూ వస్తాయి. రెండిటికీ తెలుగులోనే "వస్తా ఉండా, వస్తా ఉండా" అని చెప్పి, బండి స్టాండు తీస్తాడు.